సరుకులకు గోగునార, జనపనార, నూలు సంచులను ఎంచుకోవడం ఎలా?

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనైనా, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కలనైనా, దుకాణదారు ‘గుడ్డ సంచి’ అంటూ చేతికిచ్చే రంగురంగుల సంచుల్లో ఎన్నో అసలు గుడ్డే కావు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను సన్నని పోగులుగా సాగదీసి, వాటిని నేయకుండానే వేడితో ఒకదానికొకటి అతికించి తయారుచేసిన సంచులవి. ప్లాస్టిక్ మానేయాలని మనస్ఫూర్తిగా నిశ్చయించుకున్నవారు కూడా ఈ సంగతి తెలియక ఒక రకం ప్లాస్టిక్‌ను వదిలి మరో రకాన్ని ఇంటికి తెచ్చుకుంటున్నారు. కాబట్టి నిజమైన నార సంచిని ఎలా గుర్తించాలో, మీ ఇంటి అవసరానికి తగినదాన్ని ఎలా ఎంచుకోవాలో, దాన్ని ఏళ్ల తరబడి ఎలా నిలుపుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి తెలుసుకోవడం మంచిది. కేంద్ర ప్రభుత్వం 2021లో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ చేతిసంచి మందం 2021 సెప్టెంబరు 30 నుంచి కనీసం 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2022 డిసెంబరు 31 నుంచి కనీసం 120 మైక్రాన్లు ఉండాలి. నేయకుండా అతికించి చేసిన సంచులైతే చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. అంటే గుడ్డలా కనిపించే ఆ సంచులను చట్టమే ప్లాస్టిక్ కింద లెక్కగట్టింది. కవరు మందంగా ఉంటే జనం మళ్లీ వాడతారని, చెత్త ఏరేవారికి దొరుకుతుందని ఈ నియమం పెట్టారు గానీ, మందం పెరిగినంత మాత్రాన ప్లాస్టిక్ మట్టిలో కలిసిపోదు.

మొదటి పని: మీరు ఏమి మోస్తున్నారో చూసుకోండి

సంచి కొనడానికి ముందు ఒక వారం పాటు మీ ఇంటికి వచ్చే సరుకులను గమనించండి. కిరాణా దుకాణం నుంచి ఒకేసారి ఎంత బరువు వస్తున్నది, రైతుబజారు నుంచి ఎన్ని కిలోల కూరగాయలు తెస్తున్నారు, చేపలు లేదా మాంసం ఎన్నిసార్లు కొంటున్నారు, ఎవరు నడిచి తెస్తున్నారు, ఎవరు బండి మీద తెస్తున్నారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. దుకాణంలో అందంగా కనిపించిందని కొన్న సంచి ఇంట్లో తలుపు వెనక వేలాడుతూ ఉండిపోవడానికి ముఖ్య కారణం ఈ లెక్క లేకపోవడమే.

సాధారణంగా నలుగురున్న ఇంటికి నాలుగు సంచులు చాలునని నా అభిప్రాయం. కిరాణా బరువులకు ఒక దళసరి గోగునార లేదా జనపనార సంచి, కూరగాయలకు ఒక వెడల్పాటి నూలు సంచి, అనుకోకుండా ఆగి కొనే సరుకుల కోసం మడిచి జేబులో పెట్టుకునే పలుచని నూలు సంచి ఒకటి, చేపలు, మాంసానికి మరి దేనికీ వాడకుండా కేటాయించిన నూలు సంచి ఒకటి. అంతకు మించి కొనకండి. పెళ్లిళ్లలో, సభల్లో, ప్రారంభోత్సవాల్లో పంచే సంచులు ఇంట్లో పేరుకుపోతుంటే వాటిని కూడా ఈ లెక్కలోకే చేర్చుకోండి.

ఇంత పట్టుగా చెప్పడానికి కారణముంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచి కంటే నూలు సంచి భూతాపం విషయంలో మెరుగు అనిపించుకోవాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలి. పత్తి పండించడానికి, వడకడానికి, నేయడానికి, రంగు వేయడానికి అయ్యే నీరు, విద్యుత్తు, ఎరువులు అంత ఎక్కువ. వారానికి మూడుసార్లు వాడితే పది నెలల్లో ఆ లెక్క తీరుతుంది. అదే పది సంచులు కొని వంతులవారీగా వాడితే ఏళ్లు గడిచినా తీరదు. ఆ లెక్క భూతాపానికి సంబంధించినది మాత్రమే. మురుగు కాలువలకు అడ్డుపడే కవర్లు, పశువుల కడుపులో చేరే కవర్లు చేసే హాని అందులోకి రాదు. అయినా సంచి ఎంత మంచిదన్నది ఎన్నిసార్లు వాడతామన్నదాని మీదనే ఆధారపడి ఉంటుంది.

రెండవ పని: ఏ నార దేనికి పనికివస్తుందో తెలుసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారికి గోగునారను పరిచయం చేయనక్కరలేదు. మనం పచ్చడి చేసుకునే గోంగూర, ఈ నారనిచ్చే గోగు, రెండూ మందార కుటుంబానికి చెందిన మొక్కలే. తొలకరి జల్లులకు మెట్ట భూముల్లో విత్తి, నాలుగైదు నెలల తరువాత పూత దశలో కోసి, కట్టలు కట్టి చెరువులో రెండు మూడు వారాలు ఊరవేస్తే కాండం మీది జిగురు పదార్థం కుళ్లి నార విడివడుతుంది. దాన్ని చేత్తో ఒలిచి, నీళ్లలో జాడించి, దండెల మీద ఆరబెడతారు. మిగిలిన గోగు కట్టెలు పొయ్యిలోకి పనికివస్తాయి. ఈ పంట మీద ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం ఎంతోకాలంగా పనిచేస్తూ, తన పేరుతోనే రకాలను విడుదల చేసింది. విజయనగరం జిల్లాలో జనపనార మిల్లులు వెలసింది కూడా ఈ పంట అండతోనే. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాక, కూలీలు దొరకడం, చెరువులో నీరుండడం కష్టమయ్యాక గోగు సాగు బాగా తగ్గిపోయింది. అందువల్ల ఇప్పుడు మీకు దుకాణంలో దొరికే నార సంచుల్లో చాలావరకు బెంగాల్ నుంచి వచ్చిన జనపనారతో చేసినవే ఉంటాయి. ఎక్కడైనా గోగునార సంచి కనబడితే నేను దానికే మొగ్గుతాను. మన నేలలో పండిన నారకు నాలుగు రూపాయలు వచ్చినా అది రైతుకు మళ్లీ విత్తే ధైర్యం ఇస్తుంది.

గోగునార, జనపనార గుణాలు దాదాపు ఒకటే. గోగునార కొంచెం గరుకుగా, పెళుసుగా ఉంటుంది కాబట్టి మిల్లుల్లో దాన్ని జనపనారతో కలిపి వడకడం రివాజు. రెండూ బరువు బాగా మోస్తాయి, సాగవు, నిలబెడితే వాలిపోకుండా నిలుస్తాయి. తడిస్తే మాత్రం వాటి బలం తగ్గుతుంది. తడిగా మూలన పడేస్తే బూజు పడుతుంది. అందువల్ల ఈ సంచులు బియ్యం, పప్పులు, నూనె డబ్బాలు, కొబ్బరికాయల వంటి పొడి బరువులకు సరైనవి. చేపలకు, కడిగిన ఆకుకూరలకు పనికిరావు.

నూలు దీనికి పూర్తిగా విరుద్ధం. పత్తి పోగు తడిసినప్పుడు ఇంకా బలపడుతుంది, వేడినీళ్లలో ఉతికినా తట్టుకుంటుంది, మడిస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. తడి, మట్టి, నీసు తగిలే ప్రతి పనికీ నూలు సంచినే ఎంచుకోండి. అయితే ఏ నూలు గుడ్డ పడితే ఆ గుడ్డ పనికిరాదు. మన పొందూరులో ఈనాటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేసి, అతి సన్నని నూలు వడికి ఖద్దరు నేస్తారు. ఆ నేర్పు ధోవతికి, చీరకు శోభనిస్తుంది. సంచికి కావలసింది మాత్రం లావుపాటి నూలుతో దగ్గరగా నేసిన కోరా (చలువ చేయని, రంగు వేయని) గాడా గుడ్డ లేదా కాన్వాసు. దుకాణంలో అడిగేటప్పుడు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని అడగండి. 140 గ్రాముల గుడ్డ జేబులో మడిచి పెట్టుకునే సంచికి సరిపోతుంది, కూరగాయలకు 200 గ్రాములకు తగ్గకుండా ఉండాలి, కిరాణా బరువుకు 300 గ్రాములు దాటిన కాన్వాసు కావాలి.

నూలు, జనపనార కలిపి నేసిన గుడ్డ కూడా దొరుకుతుంది. గరుకుదనం తక్కువగా ఉండి, ఉతకడానికి అనువుగా ఉంటుంది. ఒక్క సంచే కొనదలచినవారికి అది మంచి ఎంపిక.

మూడవ పని: సంచిని కొనే ముందే పరీక్షించండి

ఈ పనిలో తొందర పనికిరాదు. సంచిని వెలుతురులోకి తెచ్చి దగ్గరగా చూడండి. నేసిన గుడ్డలో పడుగు, పేక పోగులు ఒకదాని మీదుగా ఒకటి దాటుతూ స్పష్టంగా కనబడతాయి. అతికించి చేసిన ప్లాస్టిక్ సంచిలో పోగులు కనబడవు. దానికి బదులు సూదిమొన అంత గుంటలు వరుసగా, అంతటా ఒకే దూరంలో అచ్చు వేసినట్లు ఉంటాయి. వేడి రోలరు నొక్కిన గుర్తులు అవి. ఆ గుంటలు కనబడితే సంచి మీద ఏ పచ్చని ఆకు బొమ్మ ముద్రించి ఉన్నా, ఏ మాట రాసి ఉన్నా అది ప్లాస్టిక్కే.

బియ్యం గోతాం వంటి సంచులు మరో రకం. అవి నేసినవే, అయితే వాటి పోగు దారంలా గుండ్రంగా ఉండదు. అంచు దగ్గర ఒక పోగును గోటితో లాగి చూస్తే చదునైన సన్నని రిబ్బను వస్తుంది. అదీ పాలీప్రొపిలీనే.

జనపనార సంచిలో చూడవలసింది లోపలి వైపు. సంచి బిగువుగా నిలబడడానికీ, పొడి సరుకు రాలకుండా ఉండడానికీ లోపల పలుచని ప్లాస్టిక్ పొర అంటించడం పరిపాటి అయిపోయింది. బయట ఎంత అచ్చమైన నార ఉన్నా లోపల పొర ఉన్న సంచిని ఉతకలేం, ఉతికితే పొర పొట్టులా లేస్తుంది, చివరికి పాతేసినా నార కుళ్లి ప్లాస్టిక్ మిగిలిపోతుంది. సంచిని లోపలి నుంచి బయటికి తిరగేసి చూడండి. మెరుపు ఉందేమో, మూలలో గోటితో గీకితే పొర లేస్తుందేమో గమనించండి. సంచి గుడ్డను నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి తేలికగా పోవాలి. పోకపోతే పొర ఉన్నట్లే. దుకాణదారుకు అభ్యంతరం ఉంటే సంచిని ఎండకు ఎత్తి పట్టినా చాలు, పొర లేని నేతలో చిన్న చిన్న వెలుగు చుక్కలు కనబడతాయి.

సందేహం తీరకపోతే ఇంటికి వచ్చాక కాల్చి చూడవచ్చు. కుట్టు లోపలి అంచు నుంచి ఒక పోగు తీసి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద నిప్పు చూపండి. పక్కన నీళ్లు ఉంచుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. పత్తి, జనపనార, గోగునార కాగితం కాలిన వాసనతో మండి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోయే బూడిదను మిగుల్చుతాయి. ప్లాస్టిక్ పోగు మంట దగ్గరికి రాకముందే ముడుచుకుపోయి, కరిగి, మైనం వాసన వేసి, చల్లారాక గట్టి పూసగా మిగులుతుంది. బూడిదలోనే అక్కడక్కడ గట్టి పూసలు తగిలితే అది నూలు, పాలియెస్టరు కలిసిన గుడ్డ.

ఇక వాసన, రంగు. కొత్త గోనె సంచి దగ్గర కిరోసిన్‌ను తలపించే వాసన వస్తే, నార మెత్తబడడానికి మిల్లులో చల్లిన ఖనిజ నూనె దానికి కారణం. ఆహార పదార్థాలు నింపే గోనెల కోసం దానికి బదులు వంట నూనె జాతి వాడతారు. వాసన ఘాటుగా ఉన్న సంచిని తీసుకోకండి. తీసుకున్నా నాలుగైదు రోజులు గాలికి ఆరవేసి, మరమరాలు, అటుకులు, పప్పులు విడిగా పోయకుండా పొట్లాలలోనే పెట్టండి. రంగు వేసిన సంచిని తడి తెల్ల రుమాలుతో గట్టిగా రుద్దండి. రుమాలుకు రంగు అంటితే, వానలో అది మీ సరుకులకూ బట్టలకూ అంటుతుంది. నా మట్టుకు రంగు వేయని కోరా సంచిని మించినది లేదు.

నాలుగవ పని: కుట్టు, పిడి, అడుగు చూడండి

సంచి చిరిగేది గుడ్డ మధ్యలో కాదు, పిడి కుట్టిన చోట. అందువల్ల మొదట చూడవలసింది అదే. పిడి కొస సంచి అంచు మీద ఒక్క వరస కుట్టుతో నిలిచి ఉంటే ఆ సంచిని పక్కన పెట్టేయండి. కొస కనీసం మూడు అంగుళాలు కిందికి దిగి, చతురస్రంగా కుట్టి, ఆ చతురస్రం లోపల అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టి ఉండాలి. అప్పుడు బరువు ఒక్క గీత మీద పడకుండా గుడ్డ అంతటికీ పంచుకుంటుంది. అంతకంటే గట్టిది మరొక పద్ధతి ఉంది: పట్టీ సంచి అడుగు కిందుగా ఒక చుట్టు చుట్టి వచ్చి రెండు వైపులా పిడులుగా మారుతుంది. పది కిలోలు దాటే బరువులు తరచుగా మోసేవారు ఆ పద్ధతిలో కుట్టినదే తీసుకోవాలి.

పిడి వెడల్పు ఒక అంగుళానికి తగ్గితే, బరువు మోస్తూ నాలుగు అడుగులు వేయగానే వేళ్లు ఎర్రగా కందిపోతాయి. జనపనార సంచికైనా పిడి మాత్రం మెత్తని నూలు పట్టీ ఉంటే చేతికి హాయి. పొడవు విషయంలో మీ ఎత్తును బట్టి నిర్ణయించుకోండి: చేయి కిందికి వదిలి సంచి పట్టుకున్నప్పుడు అడుగు నేలను తాకకూడదు, మోకాలి కింద కాళ్లకు తగులుతూ నడకకు అడ్డం రాకూడదు. భుజానికి తగిలించుకునేవారికి పిడి పొడవుగా ఉండాలి, బండి కొక్కేనికి తగిలించేవారికి పొట్టిగా ఉండాలి. పొడవు పిడి సంచిని బండి ముందు తగిలిస్తే అది ఊగి కాళ్లకు అడ్డం వస్తుంది, కాబట్టి రెండు పనులకూ ఒకే సంచి వాడదలచినవారు పిడిని మధ్యలో ముడివేసుకోవడం అలవాటు చేసుకోవాలి.

తరువాత సంచిని తిరగేసి లోపలి కుట్లు చూడండి. గుడ్డ అంచులు పీచులుగా ఊడివస్తున్నాయంటే నాలుగు ఉతుకుల్లో కుట్టు వదులుతుంది. అంచు మడిచి రెండు వరసలు కుట్టి ఉండాలి, లేదా అంచు మీద పట్టీ వేసి కుట్టి ఉండాలి. జనపనార నేత వదులుగా ఉంటుంది కాబట్టి దానికి ఈ పట్టీ తప్పనిసరి. అడుగున నాలుగైదు అంగుళాల వెడల్పున్న సంచి నిలబడుతుంది, సరుకు సర్దడానికి వీలుగా ఉంటుంది. అడుగు లేని చదును సంచిలో రెండు కిలోల బంగాళాదుంపలు పోస్తే అంతా ఒక మూలకు చేరి ఆ మూలే చిరుగుతుంది.

కొన్న రోజు రాత్రే మరొక చిన్న పరీక్ష చేయండి. సంచిలో పది కిలోల బియ్యం పోసి గట్టి కొక్కేనికి తగిలించి తెల్లవారే దాకా ఉంచండి. పొద్దున పిడి కుట్ల చుట్టూ గుడ్డ పోగులు విడిపోయి సూది రంధ్రాలు పెద్దవై కనబడితే, దానిని కూరగాయలకు పరిమితం చేయండి లేదా దర్జీ చేత మరొక వరస కుట్టించుకోండి.

ఐదవ పని: దొరకకపోతే కుట్టించుకోండి

మన ఊళ్లలో మంచి సంచి సంపాదించడానికి అన్నిటికంటే నమ్మకమైన దారి వీధి చివర దర్జీయే. స్వయం సహాయక సంఘాల మహిళలు కూడా చాలాచోట్ల జనపనార, నూలు సంచులు కుడుతున్నారు. మీకు కావలసిన కొలతలు చెబితే కుట్టి ఇస్తారు. కొలతలు మనమే చెప్పగలిగితే ఫలితం బాగుంటుంది కాబట్టి ఒక కిరాణా సంచి లెక్క ఇస్తున్నాను.

నలభై నాలుగు అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న దళసరి కోరా గుడ్డ ఒక మీటరు తీసుకోండి. ముందుగా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. నూలు గుడ్డ మొదటి తడికి కుంచించుకుపోతుంది, ఆ పని కత్తిరించక ముందే జరగాలి. తరువాత 40 అంగుళాల పొడవు, 21 అంగుళాల వెడల్పుతో ఒక ముక్క, 28 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పుతో రెండు పట్టీలు కత్తిరించండి. పెద్ద ముక్కను పొడవులో సగానికి మడిచి, రెండు పక్కలా అర అంగుళం వదిలి కుట్టాలి. అడుగు మూలలను త్రికోణంగా లాగి, ఆ త్రికోణం వెడల్పు ఆరు అంగుళాలు వచ్చే చోట అడ్డంగా కుడితే అడుగు ఏర్పడుతుంది. పై అంచును రెండు అంగుళాలు లోపలికి మడిచి రెండు వరసలు కుట్టాలి. పట్టీలను నాలుగు మడతలు వేసి అంగుళం వెడల్పు పిడులుగా చేసి, కొసలు మూడు అంగుళాలు దిగేలా ముందు చెప్పినట్లు చతురస్రం, ఇంటూ గుర్తు కుట్టించండి. చేతికి వచ్చేది 14 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల అడుగు ఉన్న సంచి.

కొత్త గుడ్డ కొనకుండా పాత నూలు దుప్పటి, చిరిగిన మంచపు పట్టీ, అరిగిపోని జీన్స్ ప్యాంటు కాళ్లు వాడగలిగితే మరీ మంచిది. ముందు చెప్పిన 131 సార్ల లెక్క అప్పుడు దాదాపు వర్తించదు, ఎందుకంటే ఆ గుడ్డ కోసం కొత్తగా పత్తి పండించనక్కరలేదు. పాత చీరల్లో చాలావరకు పాలియెస్టరు ఉంటుంది. ఇంట్లో ఉన్న గుడ్డను వాడుకోవడంలో తప్పు లేదు గానీ, దాన్ని నార సంచిగా లెక్కించకండి.

ఆరవ పని: బజారులో వాడే తీరు

సంచి ఇంట్లో మరిచిపోవడమే అసలు చిక్కు. బండి తాళం ఏ మేకుకు తగిలిస్తారో ఆ మేకుకే సంచిని తగిలించండి. సరుకులు దించిన వెంటనే ఖాళీ సంచిని అక్కడికే చేర్చండి. జేబు సంచి మాత్రం బండి డిక్కీలోనో, చేతి బ్యాగులోనో ఎప్పుడూ ఉండాలి.

రైతుబజారులో తూకం వేయకముందే సంచి నోరు తెరిచి పట్టండి. కవరు తీసి నింపాక ‘వద్దు’ అంటే అమ్మేవారికి పని రెట్టింపు అవుతుంది, అప్పటికే ఆ కవరు వాడినట్లు అవుతుంది. తక్కెడ తట్టలో నుంచి నేరుగా సంచిలోకే పోయించుకోండి. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, కందలు ముందు, ఆ తరువాత వంకాయలు, బెండకాయలు, వాటిపైన టమాటాలు, చివరిగా ఆకుకూరలు వచ్చేలా కొనే వరుసను మార్చుకుంటే ఏదీ నలగదు. పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు కోసం చిన్న నూలు సంచులు రెండు పెద్ద సంచిలోనే వేసుకోండి. పాత చొక్కా చేతులతో అవి ఇంట్లోనే కుట్టుకోవచ్చు.

కిరాణా దుకాణంలో పప్పులు, చింతపండు, బెల్లం కాగితంలో పొట్లం కట్టి పురికొసతో చుట్టమని అడగండి. పెద్ద వయసు దుకాణదారులకు ఆ పొట్లం కట్టడం ఇంకా చేతిలో ఉన్న విద్య. అది కుదరని చోట మీ డబ్బాలే తీసుకెళ్లి, ఖాళీ డబ్బా బరువు ముందు చూపించి నింపించుకోండి.

చేపలకు, మాంసానికి మూత గట్టిగా పడే స్టీలు డబ్బా తీసుకువెళ్లి, దాన్ని కేటాయించిన నూలు సంచిలో నిలబెట్టి తెచ్చుకోవడమే సరైన పద్ధతి. టేకు ఆకులో లేదా అరటి ఆకులో చుట్టి ఇచ్చే దుకాణం మీ వీధిలో ఉంటే అది ఇంకా తేలిక. ఆ ఆకు పొట్లాన్ని కూడా డబ్బాలోనే పెట్టండి. నీసు సంచిని మాత్రం కూరగాయల సంచితో ఎన్నడూ కలపకండి.

ఏడవ పని: ఉతకడం, ఆరబెట్టడం, దాచడం

కూరగాయల నూలు సంచిని వారానికి ఒకసారి మామూలు సబ్బుతో ఉతికితే చాలు. మూలల్లో మట్టి, ఉల్లి పొట్టు పేరుకుంటాయి కాబట్టి తిరగేసి దులిపాక ఉతకండి. నీసు సంచిని వాడిన ప్రతిసారీ వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేయాలి.

జనపనార, గోగునార సంచులను తరచుగా ఉతకకూడదు. దులిపి, మెత్తని బ్రష్షుతో గీసి, మరక ఉన్న చోట మాత్రమే తడి గుడ్డతో తుడవండి. తప్పనిసరైతే చల్లని నీళ్లలో తేలికపాటి సబ్బుతో చేత్తో జాడించి, పిండకుండా, నీడలో గాలి తగిలేలా ఆరవేయండి. వాషింగ్ మెషీన్‌లో వేస్తే పోగులు చిక్కుపడి సంచి ఆకారం పోతుంది. ఎండలో ఎక్కువ సేపు ఉంచితే ఆ నారలో ఉన్న లిగ్నిన్ అనే పదార్థం వల్ల పసుపు రంగుకు తిరుగుతుంది, క్రమంగా బలహీనపడుతుంది.

సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో వానాకాలమంతా ఇంట్లో చెమ్మ ఉంటుంది. ఆ నెలల్లో నార సంచిని మడిచి బీరువాలో, ప్లాస్టిక్ కవరులో దాచకండి. తెరిచి కొక్కేనికి వేలాడదీయండి. నల్లని బూజు చుక్కలు కనబడితే పొడి బ్రష్షుతో ఇంటి బయట దులిపి, కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. వాన పడుతున్న రోజున బరువు సరుకులకు కూడా నూలు కాన్వాసు సంచినే తీసుకువెళ్లండి.

ఎనిమిదవ పని: బాగుచేసుకోవడం, చివరికి మట్టికి చేర్చడం

మొదటి చిరుగు చిన్నదిగా ఉన్నప్పుడే కుట్టండి. నూలు సంచికి సూది, దారం చాలు. గోనె గుడ్డకు దబ్బనం, పురికొస కావాలి. ఆ నేత వదులుగా ఉంటుంది కాబట్టి చిరుగు చుట్టూ ఒక అంగుళం వదిలి, గట్టి నూలు ముక్క అతుకు వేసి కుట్టండి. పిడి ఊడిపోతే పాత చోటనే కుట్టకండి, అక్కడ పోగులు అప్పటికే బలహీనపడి ఉంటాయి. లోపలి వైపు ఒక గుడ్డ ముక్క ఆనించి, అర అంగుళం పక్కకు జరిపి కుట్టండి.

ఇక సరుకులు మోయలేని స్థితికి వచ్చిన నార సంచికి పెరట్లో పని ఉంటుంది. మొక్కల మొదళ్ల చుట్టూ పరిచి పైన ఆకులు కప్పితే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, వానలు గడిచేకొద్దీ ఆ నార అక్కడే కుళ్లి మట్టిలో కలుస్తుంది. కంపోస్టు గుంతలో వేయదలచినవారు అరచేయంత ముక్కలుగా కత్తిరించి, పేడతో, పచ్చి ఆకులతో కలిపి తడిగా ఉంచాలి. దానికి ముందు జిప్పు, గుండీలు, మెరుపు ముద్రలు, పేరు రాసిన ప్లాస్టిక్ అట్ట తీసివేయండి. కుట్టు దారం చాలా సంచుల్లో పాలియెస్టరే ఉంటుంది కాబట్టి బ్లేడుతో కుట్లు విప్పి ఆ దారాన్ని లాగి, పొడి చెత్తలో వేయండి.

నూలు సంచిని మాత్రం అప్పుడే గుంతలో వేయకండి. దాన్ని విప్పితే రెండు మసిగుడ్డలు, ఒక గచ్చు తుడిచే గుడ్డ వస్తాయి, పిడులు మొక్కల కర్రలకు కట్టుకోవడానికి పనికివస్తాయి. అవి కూడా అరిగి పీలికలయ్యాక ముక్కలు చేసి కంపోస్టులో కలపవచ్చు.